సంతకం పెట్టినందుకు ఓటు కూడా బాకీ పడ్డట్టేనా?

అమెరికాలోని ఒరెగన్ రాష్ట్రం, హిల్స్‌బరో నుంచి 2024 నవంబర్ ఎన్నికలకు ముందు ఒక పాఠకురాలు రాసిన సుదీర్ఘమైన ఉత్తరానికి ఇది సారాంశం.

ఆమెది తెనాలి. పద్నాలుగేళ్లుగా ఒరెగన్‌లో ఉంటున్నారు, నిరుడు పౌరసత్వం వచ్చింది. ఒక ప్రభుత్వ పాఠశాలలో సహాయకురాలిగా పని చేస్తున్నారు. భర్త ఇంజనీరు. కొడుక్కి పద్దెనిమిదేళ్లు నిండాయి, కూతురు అయిదో తరగతి చదువుతోంది. భర్తకు అన్నగారు, అంటే ఆమెకు బావగారు, అదే ఊళ్లో మూడు ఇండియన్ కిరాణా దుకాణాలు, హోటళ్లకు సరుకు సరఫరా చేసే ఒక గోడౌన్ నడుపుతున్నారు. 2016లో వీళ్లు ఇల్లు కొన్నప్పుడు డౌన్ పేమెంట్‌కు ఆయన 60 వేల డాలర్లు వడ్డీ లేకుండా ఇచ్చారు. అందులో ఇంకా 20 వేలు తీర్చాలి.

ఈ ఏడాది వసంతకాలంలో ఆమె వారాంతపు సంతకు వెళ్లినప్పుడు ఒక యువకుడు పిటిషన్ కాగితం చూపించి, పెద్ద కంపెనీల మీద పన్ను పెంచి ఆ డబ్బు రాష్ట్ర ప్రజలందరికీ సమానంగా పంచే చట్టం కోసం సంతకం కావాలని అడిగాడు. తలకు ఏటా సుమారు 1,600 డాలర్లు వస్తాయన్నాడు. ఆమె సంతకం పెట్టారు. ఆ పిటిషనే ఇప్పుడు మెజర్ 118గా, అంటే ఓటర్లు అవుననో కాదనో తేల్చవలసిన 118 నంబరు ప్రతిపాదనగా, 2024 నవంబర్ 5 బ్యాలెట్ మీదికి వచ్చింది. ఆమె సంతకం చేసిన సంగతి బావగారికి తెలిసింది. "ఈ చట్టం వస్తే ఏడాదికి నాకు 8 లక్షల 40 వేల డాలర్లు పోతాయి, దుకాణాలు మూసుకోవాల్సిందే, మన ఇంట్లో మనిషే నా మెడకు ఉరి తగిలించింది" అని ఆయన అన్నారు. తోటికోడలు "ఇల్లు కొన్న రోజులు మర్చిపోయినట్టున్నావు" అన్నారు. ఇప్పుడు బావగారు మూడు కోరుతున్నారు. వీళ్ల ఇల్లు వీధి మొగలో ఉంది కాబట్టి, ముందున్న పచ్చికలో 118కి వ్యతిరేకంగా బోర్డు పెట్టాలి. పాఠశాలలో తెలిసిన తల్లిదండ్రులకు ఆమె కరపత్రాలు ఇవ్వాలి. ఆదివారం భోజనానికి అందరూ బ్యాలెట్లు తెచ్చుకుని ఆయన ఇంట్లోనే కలిసి నింపాలి. భర్త "ఒక్కసారికి అన్నయ్య మాట విందాం" అంటున్నారు. కొడుకు మాత్రం తాను అవుననే వేస్తానని, పెదనాన్నకు భయపడనని పట్టుబట్టాడు. "నేను చేసింది తప్పా? ఇప్పుడు ఏం చేయాలి? ఇక్కడ నేను వేయబోయే మొదటి ఓటే ఇది" అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, మీ ఉత్తరంలో మూడు సంగతులు పెనవేసుకుని ఉన్నాయి. మీరు పెట్టిన సంతకం ఒకటి, వేయబోయే ఓటు ఒకటి, మీ బావగారికి మీరు పడిన రుణం ఒకటి. ఆయన వీటిని ఒకే ముడిగా చూస్తున్నారు, మీరు కూడా అలాగే చూడటం మొదలుపెట్టారు కాబట్టి మనసు నలుగుతోంది. ముందు వాటిని విడదీసి చూద్దాం.

సంతకంతో మొదలుపెడతాను. ఒరెగన్‌లో ప్రజలే నేరుగా చట్టాన్ని ప్రతిపాదించే హక్కు 1902 నుంచి ఉంది. శాసనసభ పట్టించుకోని విషయాన్ని ఓటర్ల ముందుకు తీసుకురావడానికే దాన్ని పెట్టుకున్నారు. చట్టాన్ని ప్రతిపాదించడానికి ఈసారి 1,17,173 మంది ఓటర్ల సంతకాలు చెల్లుబాటు కావాలి. అది గత గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్లలో ఆరు శాతం. ఆ కాగితం మీద సంతకం చేసినవారు చెప్పింది ఒక్కటే, ఈ ప్రశ్న అందరి ముందూ పెట్టమని. జవాబు ఏమిటో చెప్పే చోటు బ్యాలెట్. సంతకం చేసి, తర్వాత పూర్తి పాఠం చదివి, కాదని ఓటు వేసేవారు ఉంటారు, అందులో మాట తప్పడం ఏమీ లేదు. కాబట్టి మీరు తప్పు చేయలేదు. అయితే సంత దగ్గర రెండు నిమిషాల్లో విన్న మాటలతో సంతకం చేశానని మీరే రాశారు. ఓటు వేసే ముందు మాత్రం రాష్ట్ర ఎన్నికల శాఖ ఇంటింటికీ పంపే ఓటర్ల పుస్తకాన్ని తీరిగ్గా చదవండి. అందులో ఉండే వివరణను ప్రతిపాదన సమర్థకులు ఇద్దరు, వ్యతిరేకులు ఇద్దరు, మరొకరు కలిసి రాస్తారు. దాని వెనక అచ్చయ్యే వాదనలు ఎవరైనా రుసుము కట్టి వేయించుకునేవి. చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

ఇక మీ బావగారి లెక్క. ఆయన భయం నిజమైనదే, అంకె మాత్రం తప్పు. మూడు దుకాణాలు, గోడౌన్ కలిపి ఏడాది అమ్మకాలు సుమారు 28 మిలియన్ డాలర్లు అని మీరు రాశారు. మెజర్ 118 ప్రకారం ఒరెగన్‌లో జరిగిన అమ్మకాల్లో 25 మిలియన్లు దాటిన భాగం మీద మాత్రమే 3 శాతం పడుతుంది. ఆయన మొత్తం 28 మిలియన్ల మీద లెక్క వేసి 8 లక్షల 40 వేలు అంటున్నారు. దాటినది 3 మిలియన్లు, దాని మీద 3 శాతం 90 వేలు. రెండు అంకెలకూ మధ్య ఉన్న దూరం దుకాణం మూతపడటానికీ, నడవటానికీ మధ్య ఉన్న దూరం. ఆ దుకాణాలూ గోడౌనూ ఒకే కార్పొరేషన్ కింద ఉన్నాయా, వేరువేరుగా నమోదై ఉన్నాయా అన్నదాన్ని బట్టి ఈ లెక్క కూడా మారుతుంది. ఆ మాట చెప్పవలసింది ఆయన అకౌంటెంటు, ఫోన్లలో తిరిగే సందేశాలు కావు.

అలాగని 90 వేలు చిన్న మొత్తం అనుకోకండి. నూరు డాలర్ల సరుకు అమ్మితే రెండు డాలర్లు మిగలడం గొప్ప అని ఆయన అంటారని రాశారు. కిరాణా వ్యాపారంలో అది నమ్మదగిన మాటే. ఆ లెక్కన ఆయన లాభం ఏడాదికి 5 లక్షల 60 వేలు, అందులో దాదాపు ఆరో వంతు ఈ కొత్త పన్నుకు పోతుంది. ఈ పన్ను లాభం మీద కాదు, అమ్మకాల మీద. నష్టం వచ్చిన ఏడాదీ కట్టాలి. ప్రస్తుతం రాష్ట్రంలో కంపెనీలు లాభం మీద మొదటి మిలియన్‌కు 6.6 శాతం, ఆ పైన 7.6 శాతం కడతాయి, లేదా అమ్మకాలను బట్టి నిర్ణయించిన కనీస పన్ను కడతాయి, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. ఆ కనీస పన్ను ఎంత పెద్ద కంపెనీకైనా లక్ష డాలర్ల దగ్గర ఆగిపోతుంది. 118 సమర్థకుల బాధ అక్కడే ఉంది. బిలియన్ల కొద్దీ అమ్మే కంపెనీ కూడా లక్షతో సరిపెట్టుకునే వీలుండటం అన్యాయమని వాళ్లు అంటున్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. 1931లో 10 డాలర్లుగా పెట్టిన కనీస పన్ను 2010 వరకు అలాగే ఉండిపోయింది, ఆ ఏడాది జనవరిలో మెజర్ 67ను ఓటర్లు ఆమోదించాకే పెరిగింది. అందువల్ల మీ కొడుకు ఆవేశాన్ని తెలియనితనం అనుకోవద్దని మీ బావగారికి చెప్పవచ్చు.

మీ నాన్నగారు తెనాలిలో కిరాణా కొట్టు నడిపారని రాశారు కదా, కాబట్టి ఈ తర్వాతి మాట మీకు సులువుగా అర్థమవుతుంది. అమ్మకాల మీద వేసే పన్నుకు ఒక గుణం ఉంది. కందిపప్పును ఓడలో దింపిన పెద్ద దిగుమతిదారు అమ్మినప్పుడు ఒకసారి, అతని దగ్గర కొన్న పెద్ద టోకు వ్యాపారి అమ్మినప్పుడు ఒకసారి, దుకాణం అమ్మినప్పుడు ఒకసారి, 25 మిలియన్ల గీత దాటిన ప్రతి చేతిలోనూ అది పడుతుంది, ముందు కట్టినది తర్వాతి చేతిలో తగ్గదు. మన దగ్గర 2005 ఏప్రిల్‌లో అమ్మకపు పన్ను స్థానంలో వ్యాట్ వచ్చినప్పుడూ, 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడూ ప్రభుత్వాలు చెప్పిన ముఖ్య కారణం ఇలా పన్ను మీద పన్ను పడకుండా చూడాలన్నదే. బావగారి సొంత 90 వేలు మొత్తంగా ధరల్లో కలిపితే నూరు డాలర్ల బిల్లు మీద ముప్ఫై రెండు సెంట్లే అవుతుంది. కానీ ఆయనకు సరుకు పోసే వాళ్ల పన్ను కూడా ఆయన కొనుగోలు ధరలోకి వస్తుంది, ఆయన భయపడవలసింది నిజానికి దాని గురించే. 2030 నాటికి రాష్ట్రంలో ధరలు సుమారు 1.3 శాతం పెరగవచ్చని శాసనసభ ఆదాయ విభాగం అంచనా వేసింది. అమ్మకపు పన్ను అసలే లేని రాష్ట్రం అది, దాన్ని ప్రతిపాదించిన ప్రతిసారీ ఓటర్లు తోసిపుచ్చారు. దొడ్డిదారిన వచ్చిన అమ్మకపు పన్ను ఇదేనని వ్యతిరేకులు అనడానికి ఈ చరిత్రే కారణం.

ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. 2016లో ఇదే ధోరణిలో మెజర్ 97 వచ్చింది. 25 మిలియన్లు దాటిన అమ్మకాల మీద 2.5 శాతం పన్ను. నూటికి 59 మంది దాన్ని తిరస్కరించారు. ఆ తర్వాత 2019లో శాసనసభ పాఠశాలల కోసమంటూ మరో రకం వ్యాపార పన్ను తెచ్చింది. మిలియన్ డాలర్లు దాటిన భాగం మీద 0.57 శాతం, దానికి తోడు 250 డాలర్లు. ఖర్చుల్లో కొంత భాగాన్ని మినహాయించుకోనిచ్చింది, ఆహార సరుకుల అమ్మకాలను అసలే వదిలేసింది. ఓటర్లు ఒక ప్రతిపాదనను కాదన్నంత మాత్రాన ఆ సమస్య గురించి ఆలోచించడం ఆగిపోలేదని దీన్నిబట్టి తెలుస్తుంది. మీ కొడుకుకు ఇది చెప్పండి. ఇప్పుడు కాదంటే కంపెనీల పన్నులను ఎన్నటికీ సరిచేయరనే వాదన ఆ రాష్ట్రంలో నిలవదు. మెజర్ 118లో కిరాణా సరుకుకు అలాంటి మినహాయింపు లేదు, మీ బావగారు గట్టిగా పట్టుకోవలసిన వాదన ఇదే. "దుకాణాలు మూసుకోవాలి" అనేదానికన్నా ఇది బలమైనది.

మీ ఇంటి లెక్క కూడా చెప్పుకోవాలి. ఏడాదిలో 200 రోజులకు పైగా రాష్ట్రంలో ఉన్న ప్రతి మనిషికీ, వయసుతోనూ ఆదాయంతోనూ నిమిత్తం లేకుండా వాటా ఇవ్వాలని ప్రతిపాదన. అంచనా నిజమైతే మీ నలుగురికీ కలిపి ఏడాదికి 6,400 డాలర్లు. మీ ఇంటి ఖర్చుల మీద పెరిగే ధరల భారం దాన్ని మించకపోవచ్చు, అందుకే తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు ఇది మేలు చేస్తుందన్న వాదన తేలిగ్గా తీసిపారేయదగినది కాదు. మీ అత్తగారు ఏటా ఆరు నెలలు వచ్చి ఉంటారని రాశారు, ఆ రోజులు 200కు చేరవు కాబట్టి ఆవిడ వాటాను లెక్కలో కలపకండి. మరోవైపు మీ జీతం వచ్చేది పాఠశాల నుంచి. కంపెనీలు లాభం మీద కాకుండా పెరిగిన కనీస పన్ను కట్టడం మొదలుపెడితే, ఇప్పటిదాకా రాష్ట్ర సాధారణ నిధికి చేరుతున్న డబ్బులో కొంత పంపకం వైపు మళ్లుతుందని, బడ్జెట్‌కు గండి పడుతుందని గవర్నర్ టీనా కోటెక్‌తో పాటు రెండు పార్టీల నాయకులూ అంటున్నారు. పాఠశాలల్లో పనిచేసేవారికి ఆ మాట దూరంగా వినిపించే మాట కాదు. నా అభిప్రాయం అడిగితే, సంకల్పం మంచిది, పన్ను వేసిన తీరు సరైనది కాదు. కానీ ఇది నా ఓటు కాదు, మీరు భిన్నంగా తేల్చుకుంటే దానికీ నిలబడే కారణాలు ఉన్నాయి.

ఇక బావగారి మూడు కోరికలు.

కరపత్రాల సంగతి తేలిక. ప్రభుత్వ ఉద్యోగులు పని వేళల్లో ఏ ప్రతిపాదనకైనా అనుకూలంగా గానీ వ్యతిరేకంగా గానీ ప్రచారం చేయడాన్ని ఒరెగన్ చట్టం నిషేధించింది. పాఠశాల ఉద్యోగులకూ అది వర్తిస్తుంది. "బావగారూ, అది నా ఉద్యోగానికి ముప్పు" అని సూటిగా చెప్పండి, ఆయన మారు మాట్లాడరు. పని లేని వేళల్లో, బయట, మీ ఇష్టానుసారం మాట్లాడుకునే హక్కు మీకు ఉంది, అది వేరు.

బోర్డు సంగతిలో మీకు దారులు ఉన్నాయి. పెట్టించుకుంటే ఇంట్లో ఈ వారానికి ప్రశాంతత దొరుకుతుంది, కానీ మీ కొడుకు రోజూ ఆ బోర్డు పక్కనుంచే కాలేజీకి వెళ్లాలి, అమ్మ తన మనసులోది కాని మాటను ఇంటి ముందు పాతుకుందన్నది వాడికి గుర్తుండిపోతుంది. పెట్టనివ్వకుండా అనుకూల బోర్డు పెడితే అది మీ బావగారిని నలుగురిలో అవమానించినట్టు అవుతుంది, ఆ గాయం నవంబర్ 5తో మానదు. ఏ బోర్డూ పెట్టకపోవడం మూడో దారి. "ఇంట్లో నాలుగు మనసులు ఉన్నాయి, ఇంటి ముందు ఒక్కటే బోర్డు పెట్టలేం" అని మీ వారి చేత చెప్పించండి. ఈ మాట మీరు చెప్పడం కన్నా తమ్ముడు అన్నకు చెప్పడం మంచిది. ఆ భారాన్ని మీవారు ఇప్పటిదాకా మీ మీదికి నెట్టారని ఉత్తరం చదివితే నాకు అనిపించింది.

అన్నిటికన్నా నేను ఎక్కువగా పట్టించుకున్నది ఆదివారం భోజనం సంగతి. ఒరెగన్‌లో ఎన్నికలు తపాలా ద్వారా జరగాలని 1998లో ఓటర్లే నిర్ణయించారు. బ్యాలెట్ ఇంటికి వస్తుంది, వంటింటి బల్ల మీద నింపుకోవచ్చు, ఎండలో వరుసలో నిలబడనక్కర్లేదు. కానీ పోలింగ్ కేంద్రంలో తెర చాటున దొరికే ఏకాంతాన్ని ఈ పద్ధతిలో ఎవరికి వారే ఏర్పాటు చేసుకోవాలి. పెద్దవారి ఎదుట, వారికి బాకీ ఉన్న ఇంట్లో, వారు చూస్తుండగా నింపిన బ్యాలెట్ రహస్య ఓటు కాదు. మీ బావగారికి దురుద్దేశం ఉందని నేను అనుకోవడం లేదు, పండక్కి అందరూ కలిసి కూర్చున్నట్టే ఆయన దీన్నీ అనుకుంటున్నారు. అయినా ఓటరును బెదిరించి గానీ ఆశపెట్టి గానీ ఒప్పించడం నేరమయ్యే చోట, ఆయనకు తెలియకుండానే ఆ అంచుకు వెళ్తున్నారు.

దీనికి ఎదురు తిరగవలసిన అవసరమే లేదు. ఆదివారానికి ముందే ముగ్గురూ ఎవరి బ్యాలెట్ వారు విడిగా నింపి, కవరు మీద ఎవరి సంతకం వారు చేసి, బ్యాలెట్ల కోసం పెట్టిన డ్రాప్ బాక్స్‌లో వేసేయండి. ఇంట్లో కూడా చూపుల ఒత్తిడి ఉంటే, హిల్స్‌బరోలోనే ఉన్న కౌంటీ ఎన్నికల కార్యాలయంలో ఏకాంతంగా ఓటు వేసే ఏర్పాటు ఉంటుంది. ఒకవేళ బ్యాలెట్ మీద తప్పు గీత పడితే మారు బ్యాలెట్ ఇస్తారు. 118 మీద మీ మనసు ఎటూ తేలకపోతే ఆ ఒక్క ప్రశ్ననూ ఖాళీగా వదలవచ్చు, మిగతా ఓట్లు చెల్లుతాయి. ఎవరు ఓటు వేశారో జాబితా బయటికి వస్తుంది గానీ ఎటు వేశారో రాదు. పిటిషన్ సంతకాలు మాత్రం బహిరంగ పత్రాలు, బావగారికి మీ సంతకం సంగతి తెలిసిందంటే ఆశ్చర్యం లేదు, ఓటు విషయంలో ఆ భయం పెట్టుకోకండి.

"ఎటు వేశావు" అని ఆయన అడిగితే? చెప్పాలన్న నియమం లేదు. అబద్ధం చెప్పవద్దని మాత్రం నా సలహా. ఆయన కోరినట్టే వేశానని చెప్పి ఆయనను ఊరుకోబెట్టడం ఇవాళ్టికి సుఖంగానే ఉంటుంది. కొడుకు దగ్గర నిజం, బావగారి దగ్గర మరోటి చెప్పుకుంటూ ఒకే పండక్కి ఇద్దరి పక్కనా కూర్చోవడం మీ స్వభావానికి పడదని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. "ఓటు ఎటు వేశానో మీ తమ్ముడికి కూడా చెప్పలేదు బావగారూ" అనగలిగితే అది నిజమూ అవుతుంది, మర్యాదా అవుతుంది. అది నిజం కావాలంటే మీవారికి కూడా చెప్పకుండా ఉండాలి మరి.

మిగిలింది 20 వేలు. తోటికోడలు అన్న ఒక్క మాట మిమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ బాధించిందని మీ రాతలోనే కనిపించింది, ఉత్తరంలో దాన్ని మూడు చోట్ల ప్రస్తావించారు. ఆ సహాయానికి మీరు కృతజ్ఞత చూపవలసిందే. అది ఎంత పెద్ద సహాయమో విదేశంలో తొలి ఇల్లు కొన్నవారికి తెలుసు. మీ వారితో కూర్చుని, నెలకు ఎంత ఇవ్వగలరో, ఎప్పటికి తీరుతుందో ఒక కాగితం మీద రాసి బావగారి చేతికి ఇవ్వండి. అయితే వెంటనే ఇవ్వకండి, ఓట్ల లెక్కింపు అయ్యాక ఇవ్వండి, ఇప్పుడు ఇస్తే ఎదురు దెబ్బ కొట్టినట్టు కనిపిస్తుంది. బ్యాంకు నుంచి అప్పు తెచ్చి ఒక్కసారిగా తీర్చేయడం కూడా ఒక దారే. దానివల్ల మీ మనసు తేలికవుతుంది, కానీ తమ్ముడు తన డబ్బు ముఖాన కొట్టాడని ఆయన అనుకునే ప్రమాదం ఉంది, వడ్డీ కూడా మీ మీద పడుతుంది. ఆయన స్వభావం మీకు తెలుసు, మీరే తూచుకోవాలి.

ఆదివారం భోజనానికి మాత్రం తప్పకుండా వెళ్లండి. అప్పటికి బ్యాలెట్లు మీ చేతుల్లో ఉండవు కాబట్టి నింపే మాటే రాదు. భోజనాలయ్యాక మీ కొడుకును ఒక కాగితం, పెన్ను తీసుకుని పెదనాన్న పక్కన కూర్చుని 25 మిలియన్ల గీత దగ్గర నుంచి లెక్క వేయమనండి. 8 లక్షల 40 వేలు కాదు 90 వేలు అని వాడు చూపించాలి, 90 వేలంటే తన లాభంలో ఆరో వంతు అని ఆయన వాడికి చూపించాలి. ఆ సంభాషణ మీరు మొదలుపెట్టనక్కర్లేదు, మధ్యలో సర్దిచెప్పనక్కర్లేదు. కూతురిని తీసుకుని తోటికోడలితో కలిసి వంటింట్లో ఉండండి, ఆవిడతో మీకు మాట్లాడుకోవలసిన మాటలు వేరే ఉన్నాయి.